దూకమని చెప్పాల్సిన పిల్ల

తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు డిపోల్లోనే ఆగిపోయాక, ఎల్బీనగర్ మొత్తంలో ముఖం వెలిగిపోతున్నవాడు ఎవడైనా ఉన్నాడంటే అది వంశీకృష్ణే. ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న వాళ్ల ఇంజనీరింగ్ కాలేజీ మూసేశారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. వాళ్ల నాన్న రామారావు గారు పొద్దున్నే పేపరు ముందేసుకుని, "రాష్ట్రం ఏమవుతుందో, మనం ఏమవుతామో" అని నిట్టూరుస్తుంటే, కొడుకు మాత్రం మేడ మీద ఒక చెక్క పలకను గీకుతూ ఈల వేసుకుంటున్నాడు.

ఆ మేడ మీదున్న ఒంటి గదిలో క్రాంతి కుమార్, అతని చెల్లెలు జాస్మిన్ కిరాయికుంటారు. క్రాంతిది అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే షాపులో పని. జాస్మిన్ నల్లగొండ జిల్లాలో ఊరి బడిలో పదోతరగతి పాసై, ఈ ఏడే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్‌లో చేరింది. లెక్కలు బాగా వచ్చు, ఈత ఇంకా బాగా వచ్చు. మాట్లాడటమే రాదు. అంటే మూగది కాదు. నోట్లో బయలుదేరిన మాట పెదాల దాకా వచ్చి, బయట ఎవరున్నారో తొంగి చూసి, వెనక్కి వెళ్లిపోతుంది. కాలేజీలో హాజరు పిలిస్తే "ఎస్ సార్" అంటుంది, సార్ ఆబ్సెంట్ వేస్తాడు. చర్చిలో అందరూ పాడుతుంటే పెదాలు కదుపుతుంది.

"దేవునికి ఇనొస్తదిలే," అంటాడు క్రాంతి. "ఆయనకు సైగలు గూడ తెలుసు."

ఊళ్లో ఆమె ఇలా ఉండేది కాదు. ఇక్కడికి వచ్చిన కొత్తలో క్లాసులో లేచి, "గదెట్ల సార్?" అని అడిగింది. "గద ఎక్కడమ్మా, నీ భుజాన కనిపించట్లేదే" అన్నాడు సార్. క్లాసంతా నవ్వింది. ఆయన చెడ్డవాడు కాదు, నిద్రపోతున్న వెనక బెంచీల వాళ్లను లేపడానికి అన్నాడు. కానీ ఆ రోజు నుంచి జాస్మిన్ ప్రతి మాటనూ బయటికి పంపే ముందు అది పుస్తకంలో మాటేనా అని ఒకసారి చూసుకుంటుంది. చూసుకునేసరికి అవతలివాళ్లు ఇంకో సంగతిలో పడిపోయి ఉంటారు.

అలాంటి పిల్లకు వంశీ ఇచ్చిన పని, అరవడం.

వంశీ గీకుతున్న పలక మామూలుది కాదు. ఎక్కడో దూరదేశపు సముద్రం మీద ఒకడు అలాంటి పలక ఎక్కి వెళ్లడం ఇంటర్నెట్‌లో చూశాడు. పలక అడుగున నిలువుగా ఒక కడ్డీ, కడ్డీ చివర విమానానికుండేలాంటి రెక్కలు. పలకను ముందుకు లాగితే నీటిలో ఉన్న రెక్కలు పైకి నెడతాయి. కాస్త వేగం అందుకోగానే పలక నీళ్లను వదిలి లేస్తుంది, దాని మీద మనిషి చప్పుడు లేకుండా గాల్లో జారిపోతుంటాడు. దాన్ని ఫాయిల్ అంటారని చెప్తే, "చపాతీలు చుట్టేది గదా" అన్నాడు క్రాంతి. కానీ బొమ్మ గీసి చూపించాక అతనికీ చేతులు ఊరుకోలేదు. సమ్మెకు షాపు షటరు సగం దించే ఉంటోంది. ఆ సగం షటరు కింద కూర్చుని కడ్డీ కోసి, రెక్కలు వంచి, రుద్ది, బిగించి తెచ్చాడు.

"భలే పదునుగా ఉన్నాయి క్రాంతన్నా," అని మురిసిపోయాడు వంశీ.

"గదే నా పరేషాన్. దీని మీద పడ్డవనుకో, బెండకాయ తరిగినట్టు తరుగుతది."

మర్నాడు కిటికీ అద్దాలకు బిగించే రబ్బరు బీడింగ్ తెచ్చి రెక్కల అంచుల చుట్టూ తొడిగాడు. రాణిగంజ్‌లో కొన్న నారింజ రంగు లైఫ్ జాకెట్, స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన క్రికెట్ హెల్మెట్ తొడుక్కుని వంశీ మేడ మీద నిలబడితే, బౌలింగ్ ఎవరు చేస్తున్నారని అడిగాడు క్రాంతి.

"నవ్వకు. జాగ్రత్తలన్నీ చదివాను. పడబోతున్నామని తెలియగానే ముందు తాడు వదిలేయాలి. పలకను కాళ్లతో అవతలికి తన్ని, పక్కకు దూకాలి. తల ముందు పెట్టి దూకకూడదు. నీళ్లలోంచి పైకి వచ్చేటప్పుడు రెండు చేతులూ తల మీద పెట్టుకోవాలి, పలక తిరిగొచ్చి తగిలినా తలకు తగలకుండా. అన్నిటికన్నా ముఖ్యం, మన దారిలో మనిషన్నవాడు ఉండకూడదు."

జాస్మిన్ ఏదో అంది.

"ఈతొచ్చా అని అడుగుతున్నది," అన్నాడు క్రాంతి.

వంశీ హెల్మెట్ బకిల్ సర్దుకున్నాడు. "జాకెట్ ఉందిగా."

"అంటే రాదా? సముద్రం పక్క జిల్లా గదా మీది."

"మా నాన్నది. నేను పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఇక్కడ సముద్రం చూడాలంటే వాన పడ్డాక గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్‌కి వెళ్లాలి."

వేసుకున్న పథకం ఇది. బడంగ్‌పేట్ దాటాక ఒక చెరువుంది. కట్ట తిన్నగా, చదునుగా ఉంటుంది. క్రాంతి కట్ట మీద బండి తోలుతూ తాడుతో లాగుతాడు, వంశీ నీళ్లలో పలక మీద ఉంటాడు. బండి తోలేవాడు ముందుకు చూడాలి. పలక మీద కొత్తగా నిలబడ్డవాడు తన కాళ్లు తప్ప ఇంకేం చూడలేడు. కాబట్టి మధ్యలో తూము మీద నిలబడి ఇద్దరినీ, దారినీ చూసే మూడో మనిషి కావాలి. వంశీ స్నేహితులు సమ్మె అనగానే హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలింది జాస్మిన్.

"నీ పని ఒక్కటే," అన్నాడు వంశీ. "ఏ తేడా కనిపించినా 'దూకు' అను. నేను ఎందుకూ అని అడగను, అటూ ఇటూ చూడను, దూకేస్తాను. నా ప్రాణం నీ నోట్లో ఉందన్నమాట."

వాడు నవ్వుతూనే అన్నాడు. జాస్మిన్‌కు మాత్రం వాడి ప్రాణం పెట్టుకోవడానికి తన నోటికన్నా అధ్వానమైన చోటు ఇంకోటి దొరకలేదా అనిపించింది.

సాయంత్రం సాధన మొదలైంది. వంశీ పిట్టగోడ పక్కన రెండు ఇటుకల మీద, పలక మీద నిలబడ్డట్టు మోకాళ్లు వంచి నిలబడ్డాడు. జాస్మిన్ నీళ్ల ట్యాంకు దగ్గర.

"అను."

"దుంకు."

"దుంకు ఏంటి? దూకు."

"దూకు."

"పక్కింటి వాళ్ల పిల్లి కూడా తల తిప్పలేదు జాస్మిన్. అది నీ కాళ్ల దగ్గరే ఉంది."

అలా ఓ పదిసార్లయ్యాక, ఆమె కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, "దూకు" అని కాస్త గట్టిగానే అంది. వంశీ ఇటుకల మీంచి దూకాడు. అదే సమయానికి ఎదురింటి మేడ మీద బట్టలు తీస్తున్న ఇందిరాదేవి గారు కిందికి వంగి, "వెంకాయమ్మ గారూ, మీ పైన కిరాయికున్న పిల్ల మీ అబ్బాయిని మేడ మీంచి దూకమంటోందండీ" అని పిలిచింది.

వంశీ వాళ్ల అమ్మ వెంకాయమ్మ గారు చేతిలో గరిటెతోనే మెట్లెక్కి వచ్చింది. ఎగశ్వాసతో మాట రాక, గరిటెతోనే ఏమిటని అడిగింది.

"నాటకం అమ్మా," అన్నాడు వంశీ. "వాళ్ల కాలేజీలో. నేను దొంగని, గోడెక్కాను. తను పోలీసు."

వెంకాయమ్మ గారు జాస్మిన్‌ను కిందినుంచి పైకి చూసింది. చున్నీ కొస వేలికి చుట్టుకుని నేల చూస్తున్న ఆ పోలీసును చూసి ఆమెకు జాలేసింది. "కాస్త గొంతు పెంచవే అమ్మాయ్. ఇలాగైతే దొంగే నిన్ను స్టేషనుకి తీసుకెళ్తాడు."

మర్నాడు పొద్దున బయల్దేరారు. క్రాంతి బండి మీద ముందు క్రాంతి, మధ్యలో జాస్మిన్, వెనక దుప్పట్లో చుట్టిన పలకను జెండాలా నిలబెట్టుకుని వంశీ. ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందన్నా అది?"

"కిటికీ," అన్నాడు క్రాంతి.

దుప్పటి అంచున రెక్క కనిపిస్తోంది. "కిటికీకి రెక్కలెందుకు?"

"గాలి మంచిగొస్తదని."

ఆయన నవ్వాడు. "సరే, జై తెలంగాణ అనుకుంట పోర్రి."

వంశీ అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా, "జై తెలంగాణ" అన్నాడు.

"తమ్మీ, గంత శుద్ధంగ అనకు. అనుమానమొస్తది," అన్నాడాయన. తర్వాత జాస్మిన్ వైపు తిరిగి, "చెల్లె, నువ్వనవా?"

జాస్మిన్ పెదాలు కదిపింది. ఆయనకు అర్థం కాక క్రాంతిని చూశాడు. "అన్నదన్నా," అన్నాడు క్రాంతి, బండి ముందుకు తీస్తూ.

చెరువు నిండుగా ఉంది. వినాయక నిమజ్జనం అయి ఎన్నో రోజులు కాలేదు, అడుగున ఏ విగ్రహం చట్రం ఉందోనని జాస్మిన్ చున్నీ నడుముకు బిగించి, వెదురు కర్రతో పొడుస్తూ దారి పొడవునా నీళ్లలో నడిచింది, ఈదింది. కట్టకు దగ్గరగా రొమ్ము లోతు, కొన్ని చోట్ల ఇంకా తక్కువ. తగిలేదేమీ లేదు. తూము దాటాక ఒడ్డున తుంగ గుబురుగా పెరిగింది. దాని వెనకకు వెళ్లలేదు. నీళ్లలో ఎవరూ లేరని చేత్తో సైగ చేసి, వచ్చి తూము రాళ్ల మీద నిలబడింది.

మొదటిసారి వంశీ నిలబడకముందే పడ్డాడు. రెండోసారి నిలబడి పడ్డాడు. పడ్డ ప్రతిసారీ తాడు వదిలి, పలకను తన్ని, రెండు చేతులూ హెల్మెట్ మీద పెట్టుకుని తేలేవాడు.

"బడిల దండన ఇచ్చినట్టుంది," అన్నాడు క్రాంతి బండి ఆపి. "గుంజీలు గూడ తీయి."

"నువ్వు కొంచెం వేగం పెంచు. అందుకే లేవట్లేదు."

"మంచిది. నేను వెనుకకు చూడ. చెల్లె ఏమంటే గది చేస్త."

ఈసారి బండి చప్పుడు మారింది. తాడు బిగిసింది. పలక నీళ్లను కోసుకుంటూ వచ్చింది, ముక్కు కాస్త పైకి లేచింది, నీళ్ల చప్పుడు సన్నబడింది, ఉన్నట్టుండి అసలు ఆగిపోయింది. పలకకూ నీటికీ మధ్య వెలుతురు కనిపించింది. వంశీ గాల్లో ఉన్నాడు. నోరు తెరుచుకుని, తన పాదాల వంకే చూసుకుంటూ, చెరువు మీద ఎవరో పట్టుకుని నడిపిస్తున్న బొమ్మలా తూము దాటి వెళ్లాడు. జాస్మిన్‌కు చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పుడు తుంగ కదిలింది.

తుంగ వెనకనుంచి ఒక బర్రె, బర్రె వెంట ముసలాయన ఇవతలి నీళ్లలోకి వచ్చారు. తువ్వాల చెవుల మీదుగా తలకు చుట్టుకుని, వీపు ఇటు పెట్టి, బర్రె ఒంటిని తీరిగ్గా పీచుతో రుద్దుతున్నాడు. సరిగ్గా దారిలో. పలక ఆయన వైపే పోతోంది. వంశీ కాళ్లే చూసుకుంటున్నాడు. క్రాంతి కట్టనే చూస్తున్నాడు.

జాస్మిన్ నోరు తెరిచింది. దుంకు. కాదు, దూకు. దుంకు అంటే నవ్వుతారు, దూకు అనాలి. రెండు మాటలూ గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి, ఏదీ బయటికి రాలేదు. పలక ఇంకా దగ్గరైంది. రబ్బరు తొడిగినా రెక్క రెక్కే. ముసలాయన వంగి బర్రె కాలు కడుగుతున్నాడు.

ఇక ఆమెకు వంశీ గుర్తులేడు, పుస్తకం గుర్తులేదు, అనాల్సిన మాటే గుర్తులేదు. ఆ వంగిన వీపు ఒక్కటే కనిపించింది.

"తాతా, ఉరుకు. ఉరుకు, ఉరుకూ..."

చెరువు అవతలి ఒడ్డున కొంగలు లేచాయి.

ముసలాయన పీచు పారేసి ఒడ్డుకు ఉరికాడు. వంశీ తాడు వదిలి, పలకను తన్ని, పక్కకు దూకేశాడు. క్రాంతి బండి ఎక్సలేటర్ తిప్పి, ఖాళీ తాడును దుమ్ములో ఎగరేసుకుంటూ కట్ట చివరి దాకా దూసుకుపోయాడు. పలక ఒంటరిగా ఇంకాస్త దూరం వెళ్లి, ఒరిగి, ముసలాయన ఇంతసేపూ నిలబడ్డ చోట రెక్కలతో సహా బురదలో దిగబడింది.

జాస్మిన్ రాళ్ల మీంచి జారి నీళ్లలోకి దిగింది. వంశీ కళ్లు గట్టిగా మూసుకుని, చేతులు హెల్మెట్ మీద పెట్టుకుని వెల్లకిలా తేలుతున్నాడు.

"వంశన్నా."

"పలక ఆగిందా?"

"ఆగింది."

"రెక్క ఎటువైపుంది?"

"బురదల ఉంది. నిలబడు."

"ఏంటి?"

"కాళ్లు కిందికి పెట్టి నిలబడు."

నిలబడ్డాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి.

ఒడ్డున ముసలాయన ఆయాసం తీర్చుకుంటున్నాడు. ఆయన పేరు అంతయ్య, ఆ చెరువు కింది ఊరే. బర్రె మాత్రం ఉన్నచోటే ఉండి, ఈ మనుషులందరికీ ఏమొచ్చిందన్నట్టు నెమరు వేస్తోంది.

"ఉరుకుమన్నది ఎవలు?"

"నేనే తాతా."

"గింతంత పిల్లవు, గదేం గొంతు బిడ్డా? కట్ట తెగిందనుకున్న." అని ఆయన వెనక్కి తిరిగి, బురదలో గుచ్చుకున్న రెక్కను చూశాడు. "నేను గాడనే ఉంటి," అన్నాడు నెమ్మదిగా.

ఇంతలో క్రాంతి తాడు ఈడ్చుకుంటూ తిరిగొచ్చాడు. ముఖం నిండా సంతోషం. "ఎట్లుండె తమ్మీ? బరువే తెలుస్తలే. పూరా గాలిలకు లేసినవనుకున్న."

"లేవడం ఏంటి, నేను దూకేశాను. నువ్వెందుకు వేగం పెంచావు?"

"చెల్లె ఉరుకుమన్నది గదా. నేను ఉరికిచ్చిన."

"ఉరకమంది కాబట్టే నేను ఉరికాను."

"ఉరికితే ముందుకు పోవాలె. నీళ్లల్ల ఎందుకున్నవ్?"

"ఉరకడం అంటే దూకడమే కదా. మా అమ్మమ్మ వాళ్లు చిన్నప్పుడు వంతెన మీంచి కాలవలోకి ఉరికేవాళ్లట."

"వంతెన మీద ఉరికితే అవతలి ఒడ్డుకు పోతరు. కాలువల ఎందుకు పడ్తరు మీవోళ్లు?"

"ఉరుకుడంటే కాళ్లకు పనిజెప్పుడు," అంతయ్య తీర్పు చెప్పాడు. "నేను జెప్పిన, ఒడ్డుకొచ్చిన. మీ తాన ఇంకో తీరుంటదా?"

జాస్మిన్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే బురదలో దిగబడ్డ రెక్క వైపు చూసింది. ఒక్క మాట ముగ్గురికీ మూడు తీర్లుగా వినిపించింది. వంశీ దానికి దూకమనే అర్థం చెప్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. అతను కూడా తమలాగే వినుంటే, తాడు గట్టిగా పట్టుకుని, క్రాంతి పెంచిన వేగంతో, తాత ఒడ్డు చేరేలోపే నేరుగా ఆ వీపు మీదికి వెళ్లేవాడు. అందుకు కారణం తన అరుపే అయ్యేది.

"ఇంకొక్కసారి వెళ్దాం," అంటున్నాడు వంశీ పలకను బురదలోంచి లాగుతూ. "ఇప్పుడే కదా లేచింది. కిటుకు తెలిసిపోయింది."

"లేదు," అంది జాస్మిన్.

"ఏంటి?" అన్నాడు వంశీ. వినపడక కాదు.

"ఇయాల లేదు. ముందుగాల నువ్వు ఈత నేర్చుకో, నేను నేర్పిస్త. నడుములోతు నీళ్లల్ల తేలెటోడు గాలిలకు లేసుడేంది?"

క్రాంతి నవ్వబోయాడు. ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వు నవ్వకన్నా. తాడు తేలికైతే వెనుకకు తిరిగి చూడొద్దా? నేను గూడ తుంగ ఎనక చూడలే, అది నా తప్పు. ఇగ నుంచి చూస్త. ఇగ మాట సంగతి. నాకు దూకు అని రాదు. దుంకు అనొస్తది. దుంకు అంటే వంశన్న దుంకాలె, నువ్వు బండాపాలె. ఉరుకు అన్న మాట చెరువు కాడ ఎవ్వలు అనొద్దు. మీరిద్దరు గిది నేర్చుకునేదాక పలక తడవది."

ఇంత పొడవు మాట ఆమె ఈ నగరానికి వచ్చాక ఒక్క ఊపిరిలో అనడం ఇదే మొదలు. వంశీ ఆ మాటల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఆటపట్టిస్తాడని ఎదురుచూసింది. వాడు హెల్మెట్ తీసి, చెవిలో నీళ్లు దులుపుకున్నాడు.

"దుంకు," అన్నాడు. "దుంకు. సరిగ్గా అంటున్నానా?"

"జర వత్తాలె."

ఎండ చుర్రుమనేదాకా కట్ట మీద అదే సాధన. జాస్మిన్ తూము మీద నిలబడి దుంకు అంటుంది, వంశీ గట్టు మీంచి గడ్డిలోకి దూకుతాడు, క్రాంతి లేని బండికి బ్రేకు వేస్తాడు. ఒకసారి ఆమె కావాలనే "ఉరుకు" అంది. ఇద్దరూ కదలకుండా నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. గట్టున కూర్చుని చుట్ట తాగుతున్న అంతయ్య మాత్రం లేచి రెండడుగులు ఉరికి, మోసపోయానని తెలిసి మళ్లీ కూర్చున్నాడు.

"మరి నాకేం మాట పెట్టిన్రు?" అని అడిగాడు.

"నీకు మాట లేదు తాతా. నీళ్లల్ల నువ్వుంటే మేము మొదలే పెట్టం. నువ్వు ఒడ్డుకొచ్చి కూసున్నంకనే."

"నేనొస్త. మరి అది?" చుట్టతో బర్రెను చూపించాడు. "నీ కేకకు గది ఉలకలే, పలకలే."

జాస్మిన్ తూము అంచుకు వచ్చి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, ఊళ్లో పసులను ఇంటికి మలిపినట్టు పిలిచింది. బర్రె చెవులు కదిపింది. కాసేపు ఆలోచించింది. తర్వాత ఉరకకుండా, దూకకుండా, తోక ఊపుకుంటూ తన తీరున నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చింది.